ఏడో క్లాసు పిల్లల ముందు నిలబడే ముందు

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోయినేడాది నాలుగో క్లాసు పిల్లలు నీ చుట్టూ మూగేవాళ్లు. ఇప్పుడు ఏడో క్లాసులో ప్రశ్న అడిగితే తలలన్నీ కిందికి వాలిపోతున్నాయని, నువ్వంటే వాళ్లకు ఇష్టం లేదేమోనని రాశావు. అది కాదమ్మా. వాళ్ల ధ్యాసంతా నీ మీద లేదు, పక్క బెంచీవాళ్లు తమను చూసి ఏమనుకుంటారోనన్న దాని మీద ఉంది. 1967లో డేవిడ్ ఎల్కైండ్ అనే మనస్తత్వవేత్త దీనికి ‘ఊహా ప్రేక్షకులు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ముఖం మీద ఒక్క మొటిమ వస్తే చాలు, బడి మొత్తం దాన్నే చూస్తోందనిపించే వయసు అది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతావన్నీ నీకే తోస్తాయి.

నాకు అది ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచి 2/3 కి 1/4 కలపమన్నాను. పైవి పైవి, కిందివి కిందివి కలిపి 3/7 అని వేశాడు. ‘ఇది కింది క్లాసు లెక్క కదా’ అని పైకే అనేశాను. క్లాసంతా గొల్లున నవ్వింది. వాడు ఏమీ అనలేదు. చెవులు ఎర్రబడ్డాయి. సుద్దముక్కను చప్పుడు కాకుండా బోర్డు కింద పెట్టి, కాళ్ల వంక చూసుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. ఏడాది చివరిదాకా చెయ్యెత్తలేదు. హోంవర్క్ మాత్రం రోజూ తెచ్చేవాడు, చాలావరకు సరిగ్గానే ఉండేది. ఆ నోట్సు దిద్దుతుంటే ప్రతిసారీ బాధేసేది. ఇప్పటికీ వేస్తుంది.

నిజానికి ఆ తప్పులోనే మంచి పాఠం ఉంది. 2/3 అంటేనే సగం కంటే ఎక్కువ. 3/7 సగం కంటే తక్కువ. కలిపితే పెరగాల్సింది తగ్గిందేమిటి? ఈ ప్రశ్న అడిగి ఉంటే క్లాసంతా బుర్ర గోక్కునేది, 11/12 దాకా వాళ్లే వచ్చేవాళ్లు. తర్వాతి ఏళ్లలో అదే చేశాను. నోట్సుల్లో దొరికిన తప్పుల్ని పేర్లు లేకుండా నా చేతిరాతతో బోర్డు మీద వేసి, ‘ఇలా చేసినవాళ్లు ఏమని ఆలోచించి ఉంటారు?’ అని అడిగేదాన్ని. 3 + x ని 3x అని రాయడం ఇంకో మంచి తప్పు. అంకెల బదులు అక్షరాలు వచ్చేసరికి కొందరు ఇట్టే అందుకుంటారు, కొందరికి ఇంకో ఏడాది పడుతుంది. దాన్ని మొద్దుతనం అనుకోకు.

ప్రశ్న అడిగాక ఆగు. 1970ల్లో మేరీ బడ్ రోవ్ అనే విద్యా పరిశోధకురాలు క్లాసుల్ని గమనించి, టీచర్లు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చింది. 3 సెకన్లు ఆగిన చోట జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పే పిల్లలూ పెరిగారు. ఆ మౌనం మొదట్లో నీకే ఇబ్బందిగా ఉంటుంది, మనసులో లెక్కపెట్టుకో. ఇంకా మేలైన దారి, ముందు నోట్సులో రాయమను, తర్వాత పక్కవాళ్లకు చెప్పమను, ఆ తర్వాతే అందరి ముందు అడుగు. పక్కవాడు తలూపిన జవాబు చెప్పడానికి ఎవరికీ అంత టెన్షన్ ఉండదు.

ఎవరైనా ఎదురు మాట్లాడితే అక్కడికక్కడ గెలవాలని చూడకు. అందరి ముందు తగ్గడం ఆ వయసులో ప్రాణం పోయినంత పని. ‘తర్వాత మాట్లాడదాం’ అను, కానీ తర్వాత తప్పకుండా మాట్లాడు. ఎదురుగా నిలబెట్టి కాదు, వరండాలో పక్కపక్కన నడుస్తూ. కళ్లలోకి చూడక్కర్లేనప్పుడు ఈ పిల్లలు చాలా చెబుతారు.

ఒళ్లు మారే సంగతి కూడా మనసులో పెట్టుకో. అమ్మాయిలు సుమారు 12 ఏళ్లప్పుడు, అబ్బాయిలు 14 దగ్గర వేగంగా ఎత్తు పెరుగుతారు. అందుకే నీ క్లాసులో చాలామంది అమ్మాయిలు అబ్బాయిల కంటే పొడుగ్గా కనిపిస్తారు. ఎత్తు ప్రకారం నిలబెట్టకు. గొంతు మారుతున్న అబ్బాయి పద్యం చదవనంటే బలవంతం చెయ్యకు. అమ్మాయి ఉన్నట్టుండి బయటికి వెళ్తానంటే కారణం అడగకు, పంపించు.

మొదటి పీరియడ్‌లో తూగుతున్నారని రాశావు. ఈ వయసులో రాత్రి నిద్ర ముంచుకొచ్చే వేళే ఆలస్యమవుతుంది. 13 దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పొద్దున్నే బడికి పరిగెత్తేవాళ్లకు అంత ఎక్కడిది? అది నీ మీద నిర్లక్ష్యం కాదు. పుస్తకాలు మూయించి, నిన్నటి పాఠంలో గుర్తున్న మూడు విషయాలు రాయించు. మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు చూపించారు. దీనికి మార్కులు మాత్రం వెయ్యకు. మార్కులు పెట్టగానే అది కూడా నలుగురిలో పరువు సంగతైపోతుంది.

ఇక, చివరి బెంచీలో తల వాల్చుకుని కూర్చుంటుందని రాశావే, ఆ అమ్మాయి. సోమవారం పేరు పెట్టి పిలవకు. అందరూ రాసుకుంటున్నప్పుడు అటుగా వెళ్లి, వంగి, ఆమె నోట్సు చదువు. ఒక్క వాక్యం బాగున్నా దాని మీద వేలు పెట్టి, ఆమెకు మాత్రమే వినపడేలా ‘ఇది చదివి వినిపిస్తావా?’ అని అడుగు. వద్దంటే సరేనని ముందుకు నడువు. బుధవారం మళ్లీ అడుగు. ఏమందో నాకు రాయి.

నీ
పెద్దమ్మ