విప్పే ముందు ఒక్క కీ నొక్కి చూడరా

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ల్యాప్‌టాప్ మాటిమాటికీ బిగుసుకుపోతోందనీ, విండోస్ మళ్లీ వేద్దామంటే సీడీ ఏదీ లేదనీ రాశావు. లేకపోవడమే మంచిదైంది. ఉంటే ఈపాటికి ఫార్మాట్ కొట్టేసి కూర్చునేవాడివి.

ఇరవై ఏళ్లకు పైగా ఈ డబ్బాలు విప్పి బిగించినదాన్ని. మొదట్లో నాదీ నీ పద్ధతే, ఏ జబ్బుకైనా ఫార్మాటే మందు. ఒకావిడ ల్యాప్‌టాప్ ఇలాగే ఆగిపోతుంటే, ఫొటోలు పక్కకి తీసి, విండోస్ వేసి, మళ్లీ అందులోనే సర్ది ఇచ్చాను. పక్కన పెట్టిన కాపీ చెరిపేశాను కూడా. పది రోజులకి మళ్లీ తెచ్చింది. ఆన్ చేస్తే హార్డ్‌డిస్క్ లోపల టక్, టక్ అని చప్పుడు, అంతే, ఫొటోలు పోయినట్టే. మొదటిరోజే హార్డ్‌వేర్ టెస్ట్, అంటే లోపలి భాగాలు బాగున్నాయో లేదో చూసే పరీక్ష, పెట్టి ఉంటే డిస్క్ పోతోందని బయటపడేదేమో! ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

అందుకని నువ్వు చేయాల్సిన మొదటి పని టెస్ట్ కాదు. ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చెయ్యి. టెస్ట్ మామూలుగా ఫైళ్ల జోలికి పోదు కానీ, కొసప్రాణంతో ఉన్న డిస్క్‌ని గంటల తరబడి చదివిస్తే అది అక్కడే చేతులెత్తేయొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీవాళ్లు ఈ టెస్ట్‌ని చాలా ల్యాప్‌టాప్‌లలో ముందే పెట్టి ఇస్తారు. కొన్నిట్లో మదర్‌బోర్డు చిప్‌లో ఉంటుంది, కొన్నిట్లో డిస్క్‌లో ఓ మూల దాగి ఉంటుంది. దానికి విండోస్‌తో పని లేదు. అదే దాని గొప్ప. విండోస్ లేకుండా నడుస్తున్న టెస్ట్ మధ్యలో కూడా మెషీన్ బిగుసుకుపోయిందంటే, పాపం విండోస్‌ది కాదు. ఎన్నిసార్లు మళ్లీ వేసినా బాగుపడదు.

చార్జర్ పెట్టు. పెన్‌డ్రైవ్, ప్రింటర్ లాంటివి పీకెయ్యి. షట్‌డౌన్ చేసేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని చెయ్యి. లేకపోతే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, తర్వాత ఎంత నొక్కినా మెనూ రాకపోవచ్చు. ఇక్కడే చాలామంది నా ల్యాప్‌టాప్‌లో టెస్ట్ లేదు అనేస్తారు.

నీది హెచ్‌పీ కదా. పవర్ నొక్కిన వెంటనే ఎస్కేప్ కీని సెకనుకోసారి తడుతూ ఉండు. పట్టుకుని ఉంచకు, తట్టు. తెర మీద చిన్న మెనూ వస్తుంది, అప్పుడు ఎఫ్2. డెల్ అయితే ఎఫ్12 తట్టి, వచ్చిన మెనూలో డయాగ్నస్టిక్స్ ఎంచుకోవాలి.

మీ అక్క మ్యాక్ సంగతి కూడా అడిగావు. 2011లో లయన్ అనే మ్యాక్ సాఫ్ట్‌వేర్ వచ్చాక మ్యాక్‌లతో డీవీడీలు ఇవ్వడం ఆపేశారు, టెస్ట్ లోపలికే వచ్చేసింది. ఇంటెల్ మ్యాక్ అయితే ఆన్ చేసిన వెంటనే డి కీ పట్టుకుని ఉంచాలి, ఇక్కడ తట్టడం కాదు. డిస్క్ మార్చేసి ఉంటే ఆప్షన్, డి రెండూ కలిపి పట్టుకుంటే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. యాపిల్ సొంత చిప్‌లున్న ఎం1, ఆ తర్వాతవాటిలో పవర్ బటన్ వదలకుండా పట్టుకుని, స్టార్టప్ ఆప్షన్స్ కనబడగానే వదిలి, కమాండ్, డి కలిపి పట్టుకోవాలి. చివర ఏడీపీ000 అని వస్తే ఏ లోపమూ కనబడలేదని.

టెస్ట్ నడుస్తుంటే ఫ్యాన్ హోరెత్తొచ్చు. భయపడకు, ఫ్యాన్‌ని కూడా అదే పరీక్షిస్తోంది. ముందు క్విక్ టెస్ట్ పెట్టు, నిమిషాల్లో తేలుతుంది. అందులో ఏమీ దొరక్కపోతేనే ఎక్స్‌టెన్సివ్. అది పెట్టి పడుకో, మెమరీ పరీక్ష ఒక్కటే గంటలు పట్టొచ్చు.

ఫెయిల్ అని వస్తే కంగారుపడి ఎస్కేప్ నొక్కేయకు. హెచ్‌పీలో 24 అక్షరాల ఫెయిల్యూర్ ఐడీ చూపిస్తుంది. చేత్తో రాసుకోవద్దు, సున్నాకి ఓ, ఒకటికి ఐ పడుతుంది. ఫోన్‌తో ఫొటో తియ్యి. వారంటీ ఉంటే వాళ్లు మొదట అడిగేది ఆ నంబరే. అది చెబితే, విండోస్ మళ్లీ వేసి చూడండి అనే పాట చాలావరకు తప్పుతుంది.

పాస్ అని వస్తే మాత్రం పూర్తిగా నమ్మకు. చల్లగా ఉన్నప్పుడు పాసై, వేడెక్కాక ఫెయిలయ్యే ర్యామ్‌లు, అంటే మెమరీ ముక్కలు, నేను బోలెడు చూశాను. ల్యాప్‌టాప్ ఓ గంట వాడి, అది బిగుసుకుపోయే టైముకి రీస్టార్ట్ చేసి అప్పుడు పెట్టు. ర్యామ్ ఫెయిలైనా వెంటనే కొత్తది కొనకు. నీ మోడల్‌లో ర్యామ్ ఊడదీసే వీలుంటే తీసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి ఇంకోసారి పరీక్షించు. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూడు. డిస్క్ ఫెయిలైతే మాత్రం రెండో మాట లేదు, మార్చెయ్యడమే.

మెనూ అసలు రాకపోతే విండోస్‌లోనే ఎండీస్కెడ్ (mdsched) అని వెతికితే మెమరీ పరీక్ష దొరుకుతుంది. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు మెనూలో, సెట్టింగులు మాత్రం కెలక్కు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడిగి కూర్చుంటుంది, అది ఎక్కడ దాచావో నీకు గుర్తుండదని నాకు తెలుసు.

ముందు కాపీ, తర్వాత టెస్ట్. తెర మీద ఏం వచ్చినా ఫొటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోకు.

మీ పెద్దమ్మ