మేనకోడలికి: మనుషుల్ని తీసుకోవడం, నిలుపుకోవడం గురించి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పని నీ మీద పడిందన్నావు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే స్కోరును నమ్మాలా, నీ అంచనాను నమ్మాలా అని అడిగావు. రెండూ కావాలి. చిక్కంతా ఏది ముందు, ఏది తర్వాత అన్నదాంట్లోనే ఉంది.

తీసుకునేటప్పుడు అంకెలు ముందు. తర్వాతి కాలంలో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్‌కి 1950ల్లో, కుర్రాడిగా ఉన్నప్పుడు, ఇజ్రాయెల్ సైన్యంలో ఇంటర్వ్యూ పద్ధతిని సరిచేసే పని అప్పగించారు. అప్పటిదాకా కాసేపు మాట్లాడి, ఒక అభిప్రాయానికొచ్చి పంపేసేవారు. ఎవరు రాణిస్తారో దాంతో తేలేది కాదు. ఆయన ఆరు లక్షణాలు ఎంచి, దేనికది విడిగా మార్కులు వేయమన్నాడు. మమ్మల్ని రోబోలను చేస్తున్నావని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గొడవకు దిగారు. సరే, మార్కులన్నీ వేశాక కళ్లు మూసుకుని మీకేమనిపిస్తోందో అదీ ఒక అంకెగా రాయండి అన్నాడు. తీరా చూస్తే ఆ ఆఖరి అంకె కూడా ఆరు మార్కుల మొత్తంతో సమానంగా పనికొచ్చింది! ముందే అనిపించింది పనికిరాలేదు, మార్కులు వేశాక అనిపించింది పనికొచ్చింది.

నువ్వూ అలాగే చెయ్యి. ఆ పనికి ఏం కావాలో ఇంటర్వ్యూకి ముందే రాసుకో. అందరినీ అవే ప్రశ్నలు అడుగు. ప్యానెల్‌లో ఎవరి మార్కులు వాళ్లు రాసిచ్చేదాకా చర్చ పెట్టకు. పెద్ద హోదా ఆయన నోరు తెరిస్తే మిగతావాళ్ల పెన్నులు ఆగిపోతాయి. వీలైతే అసలు పనిలోంచే చిన్న ముక్క ఇచ్చి చేయించి చూడు.

సాఫ్ట్‌వేర్ స్కోరు సంగతంటావా, అమెజాన్ 2014లో అలాంటిదే ఒకటి మొదలుపెట్టింది. పదేళ్ల రెజ్యూమెలతో దానికి నేర్పారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో ‘మహిళల’ అన్న మాట కనబడితే చాలు, మార్కులు తగ్గించింది. చివరికి దాన్ని పక్కన పడేశారు. అందుకే మెషీన్ తిరస్కరించిన రెజ్యూమెల్లో కొన్నయినా అప్పుడప్పుడూ నువ్వే చదువు.

ఉన్నవాళ్లను నిలుపుకోవడానికొచ్చేసరికి వరస తిరగబడుతుంది. ఏ టీంలోంచి జనం ఎక్కువగా వెళ్తున్నారో అంకెలు చెప్తాయి, ఎందుకో చెప్పవు. రిజైన్ చేశాక అడిగితే అందరూ ‘మంచి ఆఫర్ వచ్చింది’ అనే అంటారు. అంతకుముందే కూర్చోబెట్టి అడుగు: ఏ పని చేయాలంటే విసుగొస్తోంది, ఎవరితో ఇబ్బంది, ఏం నేర్చుకోవాలనుంది? విన్నాక ఒక్కటైనా సరిచెయ్యి. చేయలేకపోతే అసలు అడగొద్దు.

ఎవరు వెళ్లిపోతారో జోస్యం చెప్పే స్కోర్లు కూడా ఉన్నాయి. వాటిని మాత్రం మేనేజర్ల చేతికివ్వకు. ‘ఎలాగూ పోయేవాడే’ అని హైక్ తగ్గిస్తారు, మంచి ప్రాజెక్ట్ ఇంకొకరికిస్తారు. ఉండేవాడు కూడా పోతాడు, స్కోరు భలే చెప్పిందని మెచ్చుకుంటారు. అలాగే, నీతో మనసు విప్పి చెప్పిన మాటలను పేరుతో సహా ఫైల్లో ఎక్కించకు. ఒక్కసారి బయటపడితే ఆ తర్వాత నీకెవరూ ఏమీ చెప్పరు.

నీ మామయ్య