గ్లాస్‌లో నీళ్లను నమ్మకు

మెట్టుగూడ,
హైదరాబాద్

చి॥ వంశీకి తాత ఆశీస్సులు.

నువ్వు కార్లు నడిపే గేమ్‌లో ఆవిరి బండ్లు పెడుతున్నావని ఆదివారం మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పార పట్టి బొగ్గు వేసిన పనిని నా మనవడు మళ్లీ కదిలిస్తున్నాడని గర్వం. బాయిలర్‌ను పెట్రోల్ ట్యాంకులా చూస్తావేమోనని టెన్షన్.

సులువైనవి ముందు. క్లచ్, గేర్లు అక్కర్లేదు, ఆవిరి ఆగి ఉన్న చక్రాన్నే పూర్తి బలంతో తిప్పుతుంది. నిప్పు వేశాక ప్రెజర్ ఎక్కేదాకా ఆగాలి. బండి ఆపినా నిప్పు ఆగదు, సేఫ్టీ వాల్వ్ బుస్సుమనాలి. ఆవిరి కారంటే నత్తనడక అనుకోకు. 1906లో ఫ్రెడ్ మారియట్ అనే ఆయన అమెరికాలోని ఫ్లోరిడాలో స్టాన్లీ కంపెనీ ఆవిరి కారును గంటకు సుమారు 205 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. మరుసటి ఏడాది అక్కడే ప్రమాదం జరిగినా ప్రాణాలతో బయటపడ్డాడు.

ఇక నీళ్ల సంగతి. ఇది మాత్రం నిదానంగా చదువు.

1978లో నేను రైలింజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మాన్‌ని. ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వచ్చాను. బయలుదేరే ముందు, బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపే గేజ్ గ్లాస్ కింది కాక్, అంటే చిన్న కుళాయి, తెరిచి నీళ్లు వదలాలి. మూశాక నీళ్లు చటుక్కున మళ్లీ ఎక్కితేనే గ్లాస్ చూపేది నిజం. నేను ఆ పని చేయలేదు. డ్రైవర్ గారు అడిగితే "చూశానండీ" అన్నాను. గ్లాస్‌లో సగం వరకు నీళ్లు కనిపిస్తున్నాయి మరి. కింది దారి మడ్డితో మూసుకుపోయి, అవి కదలని నీళ్లని నాకు తెలియదు.

వికారాబాద్ వైపు ఎత్తు ఎక్కాం. దిగుడు మొదలవగానే బాయిలర్‌లో నీళ్లు ముందుకు జారాయి. వెనక బొగ్గు మండే ఫైర్‌బాక్స్ కప్పు మీద నీళ్లు లేకుండా పోయాయి. నీళ్లు తగ్గితే కరిగేలా కప్పులో పెట్టిన సీసం ప్లగ్ కరిగింది. ఆ ప్రెజర్‌లో నీళ్లు దాదాపు 200 డిగ్రీల వేడిలో ఉంటాయిరా నాన్నా, దారి దొరికితే ఒక్కసారిగా ఆవిరై దూకుతాయి. నేను ఫైర్‌బాక్స్ తలుపు తెరిచి బొగ్గు వేస్తున్నాను. డ్రైవర్ గారు నన్ను పక్కకు తోసేశారు. ఆయన కుడిచెయ్యి మోచేయి దాకా కాలింది. ఆస్పత్రిలో నేను ఏడుస్తుంటే, "రేపటి నుంచి కాక్ తెరిచి చూడు" అన్నారు, అంతే. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకే చెబుతున్నాను. నీ గేమ్‌లో బండి ఎత్తు ఎక్కినప్పుడు, దిగినప్పుడు, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బాయిలర్‌లో నీళ్లు కదలాలి. గ్లాస్ అబద్ధం కూడా చెప్పగలగాలి. కాక్ తెరిచి చూసే బటన్ ఒకటి పెట్టు. అది నొక్కనివాడికి ఏమవుతుందో చూపించు.

రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నావట, అన్నం కూడా తినడం లేదట. తన్నులు తింటావు. ఈ ఆదివారం కంప్యూటర్ పట్టుకుని ఇంటికి రా, అమ్మమ్మ గోంగూర పచ్చడి చేస్తానంది. తిన్నాక ఆ కొండ దిగుదాం. స్టీరింగ్ నువ్వు పట్టుకో, గ్లాస్ నేను చూస్తాను.

మీ తాత