చీ వచ్చాడా, వచ్చిందా, వచ్చారా?

ప్రశ్న: న్గీ వో రాసిన 'ది ఎంప్రెస్ ఆఫ్ సాల్ట్ అండ్ ఫార్చ్యూన్' చదివాను. క్వియర్ పాత్రలున్న (ఆడ-మగ ప్రేమల, లింగాల మామూలు చట్రంలో ఇమడనివాళ్లున్న) ఫాంటసీ అంటే కొన్నాను. వచనం బాగుంది. కానీ ప్రేమకథ ఏది? కథ విని రాసుకునే చీ ఆడో మగో చివరిదాకా తేలలేదు. పైగా అధ్యాయాల ముందు సామాన్ల చిట్టాలొకటి, వాటిని దాటేశాను. ఏమైనా పోగొట్టుకున్నానా?

జవాబు: పోగొట్టుకున్నారు, ఆ చిట్టాలనే. 2020లో వచ్చి, 2021లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు అందుకున్న నవలిక ఇది. హ్యూగో నిబంధనల్లో నవలిక అంటే 17,500 నుంచి 40,000 మాటలు. ఒక సామ్రాజ్యం చేతులు మారడాన్ని అంతలో చెప్పాలంటే యుద్ధాలకు చోటెక్కడ? అందుకే రచయిత్రి వస్తువులను సాక్ష్యానికి పిలిచింది. ఉత్తరాది నుంచి పెళ్లికూతురిగా వచ్చి, కొడుకును కన్నాక దూరంగా పంపేయబడ్డ రాణి ఇన్‌యో; ఆమె చెలికత్తె రాబిట్. ముసలితనంలో రాబిట్ చెబుతుంటే, సింగింగ్ హిల్స్ మఠం నుంచి వచ్చిన చీ రాసుకుంటారు. అంగీ, పాచికల గిన్నె... ఒక్కో వస్తువు వెనక ఒక్కో రహస్యం. చిట్టా చదివి, అధ్యాయం అయ్యాక వెనక్కి తిప్పి అదే చిట్టా మళ్లీ చదవండి. బేతాళుడు కథ చివర ఒక్కసారే ప్రశ్న వేస్తాడు. రాబిట్ మాత్రం మధ్యమధ్యలో ఆగి 'అర్థమైందా?' అంటుంది. ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఆగండి. రాణికీ ఆమెకూ మధ్య ఉన్నదేమిటో పుస్తకం ఎక్కడా పేరు పెట్టి చెప్పదు.

చీ నాన్ బైనరీ, అంటే ఆడా మగా అనే రెండు గళ్లలో ఇమడని మనిషి. ఆ లోకంలో ఇది ఎవరికీ వింత కాదు, ఎవరూ ఆరా తియ్యరు. తేలకపోవడం లోపం కాదు కాబట్టి తేలేదాకా ఎదురుచూడకండి.

నేరుగా ప్రేమకథే కావాలంటే 2020 చివర్లోనే వచ్చిన ఈ వరుసలోని రెండో పుస్తకం 'వెన్ ద టైగర్ కేమ్ డౌన్ ద మౌంటెన్' పట్టుకోండి. ఆడపులి హో థి థావోకీ, దియూ అనే పండితురాలికీ మధ్య ప్రేమ. చీ మనుషులు చెప్పుకునే కథ చెబుతుంటే మూడు పులులు అడ్డుపడి 'అలా కాదు' అని దిద్దుతుంటాయి. కథ నచ్చకపోతే తినేస్తాయి కూడా! మొదటిది చదవకున్నా ఇది అర్థమవుతుంది.

ప్రశ్న: మా పుస్తక బృందంలో ఈ కథను తెలుగులో చెప్పాలి. చీని ఏమనాలి?

జవాబు: ముందు పేరు సంగతి. 'చీ' అనగానే నవ్వుతారు. మొదట్లో 'మఠం నుంచి వచ్చిన చీ' అని రెండుమూడుసార్లు అంటే చెవికి అలవాటవుతుంది. సన్యాసి, సన్యాసిని రెండూ వద్దు.

అసలు చిక్కు క్రియాపదంతో. 'తను' అంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. 'తను వచ్చా-' అనగానే '-డు' అనాలి, లేదా 'వచ్చింది' అనాలి, అక్కడ దొరికిపోతాం. మన వ్యాకరణం ఏకవచనంలో ఆడవాళ్లనూ పిట్టలనూ వస్తువులనూ ఒకే గూట్లో పెట్టింది. చీ వెంట ఉండే ఆల్మోస్ట్ బ్రిలియంట్ అనే హూపో పిట్టకు అది కలిసొచ్చింది: పిట్టా వచ్చింది, రాబిట్టూ వచ్చింది. బహువచనంలో మాత్రం మనుషులంతా ఒకటే. కాబట్టి కథనంలో 'చీ తలుపు తీశారు' అనండి. మఠంవారికి ఆ గౌరవం ఎబ్బెట్టుగా ఉండదు.

దీంతో రెండు ఇబ్బందులు. చీ, రాబిట్ కలిసి ఉన్న చోట 'వాళ్లు వెళ్లారు' అంటే ఒకరా ఇద్దరా తెలియదు. 'ఇద్దరూ' అనో, పేరు తిరిగి చెప్పో తప్పించుకోవాలి. ఇక పిట్ట చీని దెప్పేటప్పుడు 'మీరు' అంటే చనువు చస్తుంది. అక్కడ 'నువ్వు' వాడండి, 'నువ్వు వచ్చావు'లో ఎలాగూ లింగం లేదు.

'శారు'లు మరీ ఎక్కువైతే వాక్యం తిప్పండి: 'చీకి ఆకలేసింది', 'చీకి నవ్వొచ్చింది', 'చీ లోపలికి వెళ్లేసరికి రాబిట్ పొయ్యి రాజేస్తోంది'. ఇవి మన సహజ వాక్యాలే. 'చీ చేత తలుపు తీయబడింది' జోలికి మాత్రం పోకండి, వినేవాళ్లు నిద్రపోతారు.

ఇంకొకటి, ఇంగ్లీషులో లేనిది: రాబిట్ రాణిని 'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఎప్పుడు దించుతుంది? అసలు దించుతుందా? అది చెప్పేవాళ్లే తేల్చుకోవాలి. మొదలుపెట్టాక మధ్యలో మార్చుకోవడం కష్టం, బృందంతో ముందే అనుకోండి.