ఆశా అక్క ఇంటికి రావడం వల్ల ఒరిగేదేముంది అని అడిగారు కదా

ప్రశ్న: ఆశా, అంగన్‌వాడీ వాళ్లు బాలింతల ఇళ్లకు వచ్చి పోతుంటారు. దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక రిజిస్టర్లు నింపుకోవడానికేనా?

రిజిస్టర్లు నింపుకుంటారు, నిజమే. మా ఇంట్లో కూర్చునే నింపింది ఆ అక్క. ఉపయోగం ఉందా అంటే, మా పాపకి ఇప్పుడు ఏడేళ్లు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒక చక్కెర ప్యాకెట్ గుర్తొస్తుంది.

నా మెట్టినిల్లు కడప. పుట్టిల్లు అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్క పల్లె. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చాను. పాప నెల ముందే పుట్టింది, 2 కిలోల 100 గ్రాములు. ఆసుపత్రిలో మూడో రోజు ఇంగ్లీషులో రాసిన ఒక చీటీ చేతిలో పెట్టి పంపేశారు. సంక్రాంతి అయిన వారానికి ఇది. తెల్లవారుజామున చలి ఎముకల్లోకి దిగుతోంది.

ఎనిమిదో రోజు ఆశా అక్క వేరే ఇంటికి పోతూ మా దండెం మీద పసిగుడ్డలు చూసి లోపలికొచ్చింది. నేను పుట్టింటికి వచ్చినట్టు ఆమెకి ఎవరూ చెప్పలేదు. వచ్చీ రాగానే పాప మొహం చూడలేదు, అరికాళ్లు పట్టుకుని చూసింది. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టింది. "కడుపు వెచ్చగుంది, కాళ్లు సల్లగుండాయి. దినామూ నీళ్లు పోస్తాండారా?" అంది.

పోస్తున్నాం మరి. మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, రోజూ నూనె పట్టించి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని అరగంట నీళ్లు పోసి, సాంబ్రాణి వేసేది. మధ్యలో నాలుకకి తేనె. బరువు తక్కువ బిడ్డకి ఇవేవీ చేయకూడదని మాకు చెప్పినవాళ్లు లేరు.

అక్క సంచిలోంచి కాటా తీసి, గుడ్డ ఉయ్యాలలో పాపని తూచింది. 1 కిలో 850. మొదటి వారంలో బిడ్డలు కొంచెం తగ్గడం మామూలేనట, కానీ పదో వంతుకి మించి తగ్గకూడదట. పావుకిలో తగ్గిందంటే మించినట్టే.

అవ్వకి కోపమొచ్చింది. "ఆ కాటా సరిగ్గా లేదేమో సూడు పాపా. నలుగురిని సాకినా నేను, ఏ కాటా పెట్టి తూసినా?"

నేనైతే ఏడుపు అందుకునేదాన్నే. అక్క మాత్రం వాదన పెట్టుకోలేదు. "కిలో చక్కెర ప్యాకెట్ ఉంటే తే అవ్వా" అంది. అవ్వ తెచ్చింది. ఉయ్యాలలో వేసింది. ముల్లు సరిగ్గా ఒకటి మీద నిలబడింది. అవ్వ దగ్గరికొచ్చి కళ్లు చికిలించి చూసి, ఇంకేమీ అనలేదు.

తర్వాత అక్క వాచీ పెట్టుకుని నిమిషం పాటు పాప ఊపిరి లెక్కపెట్టింది. 52. అరవై, ఆపైన ఉంటే అప్పటికప్పుడు ఆసుపత్రికే పోవాలంది. ఆముదం పోయడానికి అవ్వ దాచిన ఉగ్గుగిన్నె తెప్పించి, మరిగించి, నా పాలు పిండి దాంతో రెండు గంటలకోసారి పట్టమంది. ఇక బిడ్డ బట్టలిప్పి, టోపీ, లంగోటీ మాత్రం ఉంచి ఎదకి కట్టుకోవాలంది. కంగారూ పద్ధతి అంటారు. నాకు కుట్లు నొప్పి, కూర్చోలేను. "ఎవరైనా కట్టుకోవచ్చు" అని అక్క అవ్వ వైపు చూసింది.

అవ్వ గోడకి చేరగిలబడి, రైక ముడి విప్పి, పాపని రొమ్ముల మధ్య పెట్టుకుని పైన చీర కప్పుకుంది. గంటలో కాళ్లు వెచ్చబడ్డాయి. మరుసటి రోజు ఆరోగ్య కేంద్రానికి ఆటోలో పోయినప్పుడూ పాప అక్కడే. పధ్నాలుగో రోజుకి 1 కిలో 950, ఇరవై ఎనిమిదో రోజుకి 2 కిలోల 400. చూడ్డానికి వచ్చినవాళ్లని అవ్వ గడప దగ్గరే ఆపేసేది, "సలిగాలి తేవద్దండి" అని.

ఇదే మాట ఆసుపత్రిలో డాక్టరు చెప్పి ఉంటే అవ్వ తలూపి వచ్చి, ఇంట్లో తన పద్ధతే చేసేది. ఊరి మనిషి, మన చాప మీద కూర్చుని, మన చక్కెర ప్యాకెట్‌తో చెప్పాలి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే నేర్పించి ఇళ్లకి పంపితే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2011 నుంచి దేశమంతా ఆశాలు పోతున్నది ఆ దారిలోనే. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. ఆ ఆరు రాకలకీ కేంద్రం లెక్కలో ఇచ్చేది 250 రూపాయలు. మా ఊళ్లో కరెంటు బిల్లు కట్టి రమ్మన్నా అంతకంటే ఎక్కువ అడుగుతారు. మన రాష్ట్రంలో 2019లో గౌరవ వేతనం పదివేలు చేశారు, అది వేరే సంగతి.

నా అసలు బాధ ఇంకొకటి. మన రాయలసీమలో తొలి కాన్పు పుట్టింట్లో అని అందరికీ తెలుసు, రిజిస్టర్లకి తప్ప. నా పేరు కడపలో, నేను ఇక్కడ. కడప ఆశా "ఊళ్లో లేదు" అని రాసుకుంది, ఇక్కడి ఆశాకి నేను లెక్కలోనే లేను. మూడో రోజు, ఏడో రోజు రావాల్సిన రాకలు అలా పోయాయి. నా గుడ్లు, పాలు అత్తగారింటి అంగన్‌వాడీలో వచ్చేవి, నేను పుట్టింట్లో పత్యం అన్నం తింటున్నాను. ఇప్పుడు అంగన్‌వాడీ లెక్కలకి పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, ముఖం ఫోటో సరిపోవాలంటున్నారు. మా పల్లెలో ఆ ఫోటో ఎక్కాలంటే అంగన్‌వాడీ టీచరు ఫోన్ పట్టుకుని నీళ్ల ట్యాంకు దగ్గరికి పోవాలి. ఆ తిరిగే టైములో రెండిళ్లు చూసి రావచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా కాన్పుకి పుట్టింటికి పోతుంటే ఏడో నెలలోనే రెండు ఊళ్ల ఆశాల నంబర్లు ఒకరివి ఒకరికి ఇవ్వండి. తల్లీబిడ్డల కార్డు సంచిలో అడుగున కాకుండా పైన పెట్టండి. ఉగ్గుగిన్నె కూడా.