5.1 హోం థియేటర్‌లో (ఐదు స్పీకర్లు, లోతైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్) నేపథ్య సంగీతం హోరెత్తుతోంది, మాటలు వినపడవు. స్పీకర్ల స్థాయి ఎలా సరిచేయాలి?
సినిమాల్లో సంభాషణ దాదాపు అంతా మధ్య స్పీకర్ నుంచే వస్తుంది. దాని స్థాయి తగ్గితే మాటలు మునిగిపోతాయి. రిసీవర్ (స్పీకర్లన్నింటినీ నడిపే పెట్టె) మెనూలో టెస్ట్ టోన్ (ఒక్కో స్పీకర్ నుంచి వచ్చే పరీక్ష శబ్దం) పెట్టి, మీరు రోజూ కూర్చునే చోట చెవి ఎత్తులో సౌండ్ మీటరు ఉంచండి. మీటరులో ‘సి’ వెయిటింగ్ (లోతైన శబ్దాన్నీ లెక్కించే పద్ధతి), ‘స్లో’ (అంకె నెమ్మదిగా మారే తీరు) ఎంచుకుని, ఒక్కో స్పీకర్ 75 డెసిబెల్స్ చూపేలా స్థాయి మార్చండి. ఫోన్ యాప్ అయినా ఫర్వాలేదు; అంకె కాస్త తేడా చూపినా, అన్నీ ఒకే అంకెకు రావడమే ముఖ్యం. సబ్‌వూఫర్ విషయంలో మాత్రం యాప్‌ను నమ్మకండి. చాలా ఫోన్ మైకులు లోతైన శబ్దాన్ని తక్కువగా చూపుతాయి, మీరేమో అవసరానికి మించి పెంచేస్తారు. బాగా తెలిసిన పాట పెట్టి చెవితోనే సరిచూసుకోండి. ఇంకా మాటలు అస్పష్టంగా ఉంటే మధ్య స్పీకర్‌ను 2, 3 డెసిబెల్స్ పెంచండి, తప్పేమీ లేదు. అది టీవీ అరలో వెనక్కి ఉంటే ముందుగా అంచు వరకు లాగండి.