తిప్పితే చతురస్రం మారిపోతుందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఆకారాల పటం చూపిస్తే పేర్లన్నీ గబగబా చెప్పేస్తాడు గానీ, అదే చతురస్రాన్ని మూల మీద నిలబెడితే ‘ఇది గాలిపటం, చతురస్రం కాదు’ అంటాడు. సంక్రాంతి సెలవుల్లో కాగితాలతో ఏమైనా చేయిస్తూ నేర్పవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తప్పకుండా నేర్పవచ్చు. గాలిపటం పేరెత్తి మీ అబ్బాయే దారి చూపించాడు. ఈ వయసు పిల్లలు ఆకారాన్ని భుజాలు, మూలలు లెక్కపెట్టి కాక మొత్తం రూపును బట్టి గుర్తుపడతారు కనుక, పటంలో చూసిన తీరు కాస్త మారినా అది వాళ్లకు వేరే వస్తువుగా కనిపిస్తుంది. దిగులు పడవలసిన పని లేదు.

పొడవాటి రంగు కాగితం తీసుకుని, పొట్టి అంచు పొడుగు అంచు మీదికి సరిగ్గా వచ్చేలా మూలను వాలుగా మడిచి, మిగిలిన పట్టీని కత్తిరించండి. మడిచి ఉంటే త్రిభుజం, విప్పితే చతురస్రం, పక్కన మిగిలిన పట్టీ దీర్ఘచతురస్రం. చతురస్రాన్ని నేల మీద మెల్లగా తిప్పుతూ, వేలితో అంచు వెంట పోయి మూల వచ్చినప్పుడల్లా ఆగి లెక్కపెట్టమనండి. ఎటు తిప్పినా నాలుగే వస్తాయి. ‘తప్పు’ అని మీరు దిద్దకండి, ఆ సంగతి వాడి వేలికే తెలియాలి. ఆ తరువాత చీపురుపుల్లలు అంటించి, పట్టీని తోకగా పెట్టి, మామూలు నూలు దారం కట్టండి. మాంజా మాత్రం వద్దు.

మరో చతురస్రాన్ని మడత వెంట మీరే రెండుగా కత్తిరించి వాడి చేతికివ్వండి. కోసిన అంచులు కలిపితే మళ్లీ చతురస్రమవుతుంది. పొట్టి అంచులు కలిపి చూస్తుంటే ఒక పెద్ద త్రిభుజమూ వస్తుంది. ఎంతసేపు ఆడితే అంతసేపు ఆడనివ్వండి. ముందే కోసి అమ్మే ముక్కలను అంటించే పనిలో ఈ మార్పు చూసే అవకాశం ఉండదు కాబట్టి నేను వాటిని సూచించను. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 19వ శతాబ్దంలోనే కాగితపు మడతలను పసిపిల్లల పనుల్లో చేర్చాడు.

వృత్తానికి తొందరపడకండి. బతుకమ్మ రోజుల్లో పళ్లెం, గిన్నె, డబ్బా మూత చుట్టూ గీయించి, మీరు కత్తిరించిన వృత్తాలను పెద్దదాని మీద చిన్నది చొప్పున వాడి చేత పేర్పించండి. అప్పుడూ వేలితో అంచు వెంట పొమ్మని, ఎక్కడైనా మూల తగిలిందా అని అడగండి.